అర్జీ వెనకవైపు

జీపు వస్తే వీధంతా తలెత్తి చూస్తుంది. నడిచొస్తే ఎవరూ చూడరు. ఆ ఇద్దరూ నడిచే వచ్చారు. బోర్డులు రాసే మేస్త్రికి మొట్టమొదట అనుమానం తగిలింది అక్కడే.

ఒకాయన యూనిఫారంలో ఉన్న హెడ్డు కానిస్టేబులు. పొట్ట ముందు, మాట వెనక. రెండో అతను గళ్ళచొక్కా వేసుకున్నాడు గానీ బూట్లు మాత్రం పోలీసువే. మేస్త్రి అప్పుడు ఒక చెప్పుల కొట్టు బోర్డుకి రెండో పూత వేస్తున్నాడు. కుంచె కిరసనాయిలు డబ్బాలో పెట్టి, చేతులు గుడ్డతో తుడుచుకుని, రంగు అంటని స్టూలు వెతికి వేశాడు. షాపు వెనకభాగంలో తమ్ముడు బండి నెంబరు ప్లేట్ల కోసం రేకు కోస్తున్నాడు. ఆ చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

“కేసేం లేదు మేస్త్రీ,” అన్నాడు హెడ్డు కూర్చోకముందే.

కేసు ఉందా అని ఎవరూ అడగలేదు. ఆయనే అడక్కుండా లేదన్నాడు.

సంగతి ఇది. అంతకు నెల కిందట బట్టల మార్కెట్టు కాలిపోయి నలుగురు చనిపోయారు. కాపలావాడు చుట్ట పారేశాడని పట్టుకెళ్ళారు. వాణ్ణి ఉరి తియ్యాలని కొందరు, అంతదాకా ఎందుకు, నడిబజార్లో వదిలెయ్యండి మేం చూసుకుంటాం అని కొందరు, ఊరు ఊరంతా ఫోన్లలో ఊగిపోయింది. వకీళ్ళందరూ ఒకమాట మీద నిలబడి, వాడి తరఫున ఎవరూ హాజరు కాకూడదని తీర్మానించుకున్నారు. రోజుకి పది మాటలు కూడా మాట్లాడని మేస్త్రి ఆ పూట ఫోను తీసి, ఊరంతా చూసేచోట నాలుగు వాక్యాలు రాసి పెట్టాడు:

“నేరం రుజువయ్యేదాకా వాడు కాపలావాడే. వాడికీ ఒక వకీలు ఉండాలి. ఆ మార్కెట్లో ‘బయటికి దారి’ అన్న బోర్డు ఒక్కటీ లేదు. నాకెలా తెలుసంటే, ఈ ఊళ్ళో బోర్డులు రాసేది నేను, నన్నెవరూ అడగలేదు.”

నలభైమంది బాగుందన్నారు. మూడువందలమంది తిట్టారు. చచ్చినవాళ్ళలో నీ పెళ్ళాం ఉంటే తెలిసేది అన్నవాళ్ళూ ఉన్నారు. మేస్త్రి అవన్నీ చదివాడు. ఎవరికీ జవాబు రాయలేదు, రాసింది తీసెయ్యనూ లేదు.

హెడ్డు ఆ నాలుగు వాక్యాలూ తన ఫోన్లోంచి కూడబలుక్కుంటూ చదివి వినిపించాడు, అవి మేస్త్రికి కొత్తన్నట్టు. చట్టప్రకారం ఇందులో తప్పేం లేదని ఆయనే చెప్పాడు. పైవాళ్ళు కూడా తప్పనలేదట. కాకపోతే జనం బాధపడ్డారట, ఒకళ్ళు అర్జీ పెట్టారట, అర్జీ వచ్చాక ఒకసారి వచ్చి మాట్లాడకపోతే తమ పని తాము చెయ్యనట్టేనట. మాట్లాడటమంటే అడగటం. షాపుకి ఎవరెవరు వస్తారు, ఏ సంఘంలో ఉన్నావు, కాపలావాడు ముందే తెలుసా, సాయంత్రాలు ఎక్కడ కూర్చుంటావు. గళ్ళచొక్కా అతను ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. గోడకి ఆనించిన పాత బోర్డులు ఒక్కొక్కటీ చదువుకుంటూ పోయాడు.

“ఇది నువ్వే రాశావా, ఎవరన్నా రాయించారా?” ఫోను చూపించి అడిగాడు హెడ్డు.

“రాయడం నా పని,” అన్నాడు మేస్త్రి.

హెడ్డు నవ్వలేదు. సంచిలోంచి అర్జీ తీశాడు. అడుగున పేరూ సంతకం ఉండేచోట కాగితం లోపలికి మడిచి ఉంది. కళ్ళజోడు తేలేదేమో, కాగితాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని, చేతులు చాచి చదవబోయాడు. మేస్త్రి ఆయనకి ఎదురుగా ఉన్నాడు. మధ్యాహ్నం ఎండ. పల్చటి కాగితంలోంచి అక్షరాలు వెనక్కి దూసుకొచ్చాయి.

కాగితం వెనకనుంచి చూస్తే రాత తిరగబడుతుంది, ఎవరికైనా అర్థం కాదు. మేస్త్రికి అలా కాదు. ముప్పై ఏళ్ళుగా దుకాణాల గాజు తలుపుల మీద లోపలివైపునుంచి రాస్తున్నాడు. లోపలినుంచి రాస్తే వానకి రంగు పోదు, బయటివాడు గీకడు. కానీ బయటివాడికి తిన్నగా కనబడాలంటే లోపల తిరగేసి రాయాలి. తిరగేసిన అక్షరం ఆయన కంటికి తిన్నటి అక్షరమే.

మనోభావాలు దెబ్బతిన్నవి, తగు చర్య, అలాంటి మాటలేవో ఉన్నాయి. మేస్త్రి మాటలు చదవలేదు. రాత చదివాడు.

ఆయన పద్ధతి ఒకటుంది. అందరూ అక్షరం రాసిన వెంటనే దాని నెత్తిన తలకట్టు పెట్టి తరవాత అక్షరానికి వెళతారు. ఆయన అలా రాయడు. ముందు వరసంతా అక్షరాల ఒళ్ళు మాత్రం రాసుకుని, చివర్న మొదటికొచ్చి, తలకట్లన్నీ ఒక్క ఊపులో వరసగా పెట్టుకుంటూ పోతాడు. అందుకని అవి తాడు మీద ఆరేసినట్టు ఒకే ఎత్తున నిలుస్తాయి. అన్నీ ఒకే వైపుకి, కుడికి, రవంత ఒరుగుతాయి. ఈ పద్ధతి ఆయన కనిపెట్టిందే. నేర్పింది ఒక్క తమ్ముడికి.

అర్జీలో తలకట్లు తాడు మీద ఆరేసినట్టున్నాయి. అన్నీ కుడికి ఒరిగున్నాయి.

గురువారం పదింటికి స్టేషనుకి వచ్చి, ఇలా మాట్లాడుకున్నామని ఒక సంతకం పెట్టి పొమ్మన్నాడు హెడ్డు లేస్తూ. “తీసెయ్యమని అనడం లేదు. తీసేస్తే మంచిదనీ అనడం లేదు. ఆలోచించుకోమంటున్నాం, అంతే.” గళ్ళచొక్కా అతను గుమ్మం దిగి వెనక్కి తిరిగి షాపు బోర్డుకి ఫొటో తీసుకున్నాడు. “అన్నదమ్ముల బోర్డులు, గాజు రాతలు, నెంబరు ప్లేట్లు” అని ఆ బోర్డు మీద, కింద రెండు ఫోను నెంబర్లు.

వాళ్ళు వెళ్ళేదాకా తమ్ముడు తలెత్తలేదు. రేకు కోస్తూనే ఉన్నాడు. ఇంతసేపూ కోస్తే ఎన్ని ప్లేట్లు అయ్యుండాలో మేస్త్రికి తెలుసు. వెళ్ళి చూశాడు. ఒక్కటే అయింది.

అనుమానం ఇంట్లో చీమలాంటిది. ఒకటి కనబడ్డాక వరసంతా కనబడుతుంది. వారం కిందట తమ్ముడే కదా, మనకెందుకన్నయ్యా, ఆ రాత తీసెయ్యి అన్నది. అంతకుముందు ఏ విషయంలోనూ ఇది చెయ్యి, ఇది మానెయ్యి అన్నవాడు కాదు. ఫోను మోగితే ఈమధ్య బయటికెళ్ళి మాట్లాడుతున్నాడు. బల్ల మీద పెడితే బోర్లా పెడుతున్నాడు. ఇదివరకు రంగు అంటుతుందని వెల్లకిలానే పెట్టేవాడు. కొత్త మార్కెట్టు కడితే అందులో బోర్డులన్నీ మునిసిపాలిటీ వాళ్ళు ఎవరికో ఒకరికి ఇవ్వాలి, ఆ పని మీద వాడికి ఆశ ఉంది. అన్న రాసిన నాలుగు వాక్యాలు దానికి అడ్డం.

మేస్త్రి భార్య అనుమానానికి కూడా ఒక పీట వేసి కూర్చోబెట్టే మనిషి. అంతా విని, పేరు మడిచి చూపించారంటే మీకు తెలిసిన పేరే అయ్యుంటుంది, తెలియని పేరైతే మడవడం ఎందుకు అంది. కాసేపాగి, మీ తమ్ముడు మొన్న సోమవారం స్టేషను మెట్లు దిగుతుంటే పక్కింటావిడ చూసిందట అంది. ఇంకాసేపాగి, అలాగని నేనేం అనడం లేదు సుమండీ అంది. మేస్త్రికి ఆ మూడో మాట మొదటి రెండింటికన్నా ఎక్కువ గుచ్చుకుంది. హెడ్డూ అలాగే మాట్లాడాడు.

వీధి కూడా మారినట్టుంది. టీ కొట్టు అతను గ్లాసు చేతికిచ్చి మామూలుగా నిలబడే రెండు నిమిషాలూ నిలబడలేదు. చెప్పుల కొట్టు యజమాని బోర్డు పట్టుకెళుతూ, అడుగున చిన్నగా రాసే మీ షాపు పేరు ఈసారి వద్దులే అన్నాడు. ఎవరు తెలిసి అంటున్నారో, ఎవరు ఊరికే అంటున్నారో తేలలేదు. ఏ దారిలో గళ్ళచొక్కా కనబడ్డా మేస్త్రి కళ్ళు ముందు కిందికి, బూట్ల మీదికి పోతున్నాయి. ఊళ్ళో ఇన్ని గళ్ళచొక్కాలున్నాయని ఆయనకి అప్పటిదాకా తెలియదు.

మంగళవారం పళ్ళ డాక్టరు గాజు తలుపు రాయాలి. గాజు పని ఒక్కడి వల్ల కాదు. మేస్త్రి లోపలుండి రాస్తాడు, తమ్ముడు బయట ఫుట్‌పాత్ మీద నిలబడి చూస్తాడు. లోపలివాడికి తను రాసింది బయటికెలా ఉందో కనబడదు. మధ్యలో గాజు, మాట వినబడదు. వరస వంగితే తమ్ముడు అరచెయ్యి ఆ వైపుకి వంచుతాడు. బాగుంటే తల ఊపుతాడు. ముప్పై ఏళ్ళుగా ఆ తలూపే మేస్త్రికి తూకం. అది చూశాక బయటికి వచ్చి చూసుకున్న రోజు లేదు.

ఆ రోజు డాక్టరు పేరు అయింది. తమ్ముడు తల ఊపాడు. మేస్త్రి కుంచె పట్టుకుని నిలబడ్డాడు. తరవాత కుంచె డబ్బాలో వేసి, తలుపు తీసుకుని, మెట్లు దిగి, తమ్ముడి పక్కకి వచ్చి నిలబడి, వరస ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసుకున్నాడు. దారం కట్టి గీసినంత తిన్నగా ఉంది.

తమ్ముడు వరస చూడలేదు. అన్న మొహం చూశాడు. తిట్టి ఉంటే పడేవాడు. ఇది పడలేకపోయాడు. కుంచెలు కడగకుండా షాపుకి వెళ్ళిపోయాడు. డాక్టరు కూర్చునే వేళల వరస రాయకుండానే ఆ పూటకి పని ఆగింది.

షాపులో మేస్త్రి నిలబడే అడిగాడు. “ఆ అర్జీ నీ రాతే కదూ?”

“ఏ అర్జీ?”

“తలకట్లు చూశాను.”

తమ్ముడు తన వేళ్ళ కేసి చూసుకున్నాడు. తలకట్లు చివర్న పెట్టమని స్కేలుతో వేళ్ళ మీద కొట్టి మరీ నేర్పింది నువ్వే కదన్నయ్యా అన్నాడు చివరికి. నవ్వబోయి మానేసినట్టుంది మొహం.

“ఇంకెవరు రాస్తారలా? చెప్పు.”

“నాకేం తెలుసు.” ఆగాడు. “వాళ్ళు ముందు నన్నే అడిగారు.”

ఆ ఒక్క మాట చాలింది మేస్త్రికి. ఏమడిగారు, నువ్వేం చెప్పావు అని ఇంకో మాట అడిగి ఉంటే కథ అక్కడే అయిపోయేది. ఆయన అడిగే మనిషి కాదు. కత్తెర తీసి దారం తెంపినట్టు, షాపు ఎవరిది వాళ్ళం పంచుకుందాం అన్నాడు. తమ్ముడు తన కుంచెలు తొమ్మిదీ ఏరుకుని, చివరికి తను పెట్టుకునే నీలం టోపీ కూడా మేకు మీంచి తీసుకుని వెళ్ళిపోయాడు. రేకు ముక్కలు అలాగే పడి ఉన్నాయి. ఆ రెండు రోజులూ ఫోను చూసినప్పుడల్లా, ఈ నాలుగు వాక్యాలు తీసేస్తే తమ్ముడు ఎందుకు పోయినట్టు, ఉంచితే ఎవరి కోసం ఉంచినట్టు అన్న రెండు ప్రశ్నల మధ్య మేస్త్రి వేలు ఆగిపోయింది.

గురువారం పదింటికి స్టేషనుకి వెళ్ళాడు. హెడ్డు బయటికెళ్ళాడట, కూర్చోమన్నారు. బెంచీ మీద ఒక ముసలాయన ఏదో పోయిన సైకిలు సంగతి తనలో తనే చెప్పుకుంటున్నాడు. ఎదురుగా బల్ల దగ్గర స్టేషను రైటరు కాగితాలు రాసుకుంటున్నాడు. జుట్టు పల్చబడ్డ మనిషి, నలభై దాటి ఉంటాయి. మేస్త్రి చూపు అలవాటుగా కలం మీదికి పోయింది. అది ఎడమ చేతిలో ఉంది.

రైటరు వరస రాశాడు. కొసకి వచ్చాడు. తిరిగి మొదటికి వెళ్ళాడు. తలకట్లన్నీ ఒక్క ఊపులో, టకటకా, వరసగా పెట్టుకుంటూ పోయాడు. ఎడమచేతి వాటం కదా, అన్నీ ఎడమకి ఒరిగాయి.

మేస్త్రి బెంచీ మీంచి లేచి బల్ల దగ్గరికి వచ్చాడు. అర్జీని ఆయన చూసింది వెనకనుంచి. వెనకనుంచి చూస్తే ఎడమకి ఒరిగింది కుడికి ఒరుగుతుంది. చంటిపిల్లాడికైనా తెలిసే సంగతి. ముప్పై ఏళ్ళు తిరగేసి రాసీ రాసీ తన కన్ను తిరగబడిన రాతని తిన్నగా తీసేసుకుంది, ఒరుగుడుని మాత్రం తిప్పుకోవడం మరిచిపోయింది. వేరే ఎవడికీ రాని పొరపాటు. వేరే ఎవడూ ఆ కాగితాన్ని వెనకనుంచి చదవలేడు కాబట్టి.

రైటరు తలెత్తి చూశాడు. “గుర్తుపట్టలేదా మేస్త్రీ?”

అప్పుడు గుర్తొచ్చాడు. ఇరవై ఏడేళ్ళ కిందట ఒక ఎండాకాలం, కాలేజీ సెలవుల్లో రెండు నెలలు షాపుకొచ్చి అక్షరాలు నేర్చుకున్నవాడు. ఎడమ చేత్తో రాస్తున్నానని సిగ్గుపడితే, చెయ్యి ఏదైతేనేం, వరస తిన్నగా రావాలి అని తనే అన్నాడు. సెలవులతో పాటే పోయాడు, మనసులోంచి కూడా.

“ఆ అర్జీ పెట్టింది నువ్వా?” అన్నాడు మేస్త్రి.

రైటరు వాకిలివైపు ఒకసారి చూసుకున్నాడు. తను పెట్టలేదన్నాడు. ఎవరో ఫోన్ చేశారని పైనుంచి చెబుతారు, రాయమంటారు, తను రాస్తాడు. ఈ నెలలో ఇలాంటివి పదకొండు రాశాడట. ఎవరు ఫోన్ చేశారో తనకి తెలియదు, అసలు చేశారో లేదో కూడా తెలియదు, తెలుసుకోవడం తన పని కాదు. చెబుతూనే ఫైలు విప్పి, మేస్త్రి సంతకం పెట్టాల్సిన కాగితం కోసం వెతుకుతున్నట్టు, ఆ అర్జీని పైకి తీశాడు. అడుగున మడత వేలితో ఎత్తాడు.

మడత కింద ఏమీ లేదు. తెల్లటి కాగితం.

మేస్త్రి ఆ తెలుపు కేసి చూస్తుండగానే రైటరు ఇంకో కాగితం తిప్పాడు. అది తలకిందులుగా ఉన్నా మేస్త్రికి అడ్డం కాలేదు. సోమవారం తారీఖు. సదరు వ్యక్తి తమ్ముణ్ణి పిలిపించి విచారించగా, అన్న ఎవరెవరితో తిరుగుతాడన్నదానికి జవాబు చెప్పలేదు; “మా అన్న రాసింది చదివాను, నా మాటా అదే, కావాలంటే నా పేరూ రాసుకోండి” అన్నాడు; కావున ఇతనికి కూడా ప్రత్యేక ఫైలు తెరవడమైనది.

ఆ సోమవారం సాయంత్రమే తమ్ముడు షాపుకొచ్చి, మనకెందుకన్నయ్యా, తీసెయ్యి అన్నది. తన దాకా వచ్చింది అన్న దాకా రాకూడదని. స్టేషనులో అన్నదీ షాపులో అన్నదీ, రెండు మాటల్లో ఏది నిజమో మేస్త్రికి తేల్చుకోవలసిన పని లేకపోయింది. రెండూ నిజమే.

హెడ్డు వచ్చాడు. సంతకం పెట్టమన్న కాగితంలో, మా మధ్య స్నేహపూర్వకంగా మాటలు జరిగినవి, నా పొరపాటు గ్రహించితిని అని ఉంది. మేస్త్రి రెండుసార్లు చదివాడు.

“మొదటి ముక్క ఉంచండి. రెండోది కొట్టెయ్యండి.”

కొట్టేస్తే కుదరదన్నాడు హెడ్డు. అయితే సంతకం కుదరదన్నాడు మేస్త్రి. పోట్లాట ఏమీ జరగలేదు. సంతకం చెయ్యలేదని రాసుకుంటామన్నాడు హెడ్డు, నొచ్చుకున్న గొంతుతోనే. రాసుకోండి అన్నాడు మేస్త్రి. రైటరు అది రాశాడు. వరస అయ్యాక తలకట్లు పెట్టాడు. ఇప్పుడవి తను నేర్పినవేనని తెలిశాక మేస్త్రికి చూడబుద్ధి కాలేదు.

బయటికొచ్చాక మెట్ల మీద ఆగి, తమ్ముడికి ఫోన్లో ఒక వాక్యం పంపాడు. రేపు పదింటికి పళ్ళ డాక్టరు తలుపు, వేళలు మిగిలున్నాయి. ఇంకేం రాయాలో తెలియలేదు. జవాబు రాలేదు. ఇంటికెళ్ళి జరిగింది చెబితే భార్య, నేను ముందే అన్నాను కదండీ, నేనేం అనడం లేదని అంది. ఆ పూట ఆయన ఆవిడతో కూడా మాట్లాడలేదు.

శుక్రవారం తొమ్మిదిన్నరకే గాజు వెనక నిలబడ్డాడు. గీతలు గీసే సుద్ద చేతిలో ఉంది. పదయింది. పదీ పది అయింది. ఎదురు ఫుట్‌పాత్ మీంచి నీలం టోపీ దాటి ఇవతలికి వచ్చింది. తమ్ముడు ఎప్పుడూ నిలబడేచోటే నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు. తలుపు తియ్యలేదు, పలకరించలేదు.

మేస్త్రి నోరు తెరిచాడు. గాజుకి ఇవతల ఏమన్నా వినబడదు. సుద్ద ఎత్తి, వేళల వరస రావలసినచోట, తిరగేసి, పెద్ద అక్షరాలతో రాశాడు. తప్పు నాది.

బయట తమ్ముడు చదివాడు. తరవాత ఒక చెయ్యి విప్పి, టోపీ పైన, నడినెత్తి మీద, రెండుసార్లు తట్టుకున్నాడు.

మేస్త్రికి అర్థం కాలేదు. రాసింది చూసుకున్నాడు. తలకట్లు పెట్టడం మరిచిపోయాడు. ముప్పై ఏళ్ళలో అదీ మొదటిసారే. మొదటికి వెళ్ళి, ఒకటీ, రెండూ పెట్టాడు. తమ్ముడి మొహంలో నవ్వు లాంటిది కదిలింది. గుడ్డతో తుడిచెయ్యమని సైగ చేశాడు. డాక్టరు చూస్తే తనకే చెబుతున్నాం అనుకుంటాడని కాబోలు.

తుడిచి, కుంచె ముంచి, వేళలు రాశాడు. ఉదయం పది నుంచి ఒంటిగంట. సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది. రాస్తుంటే, తమ్ముడి భుజం మీదుగా, ఎదురు బస్టాపులో ఒక మనిషి ఫోను ఎత్తి పట్టుకుని నిలబడి ఉండటం కనబడింది. గళ్ళచొక్కా. బస్సు కోసం చూస్తూ ఫోను చూసుకుంటున్నాడేమో. ఫొటో తీస్తున్నాడేమో. మధ్యలో తమ్ముడు నిలబడి ఉన్నాడు, బూట్లు కనబడలేదు.

మేస్త్రి చూపు తిప్పి తమ్ముడి మొహం మీద పెట్టాడు. తమ్ముడు వరస ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసి, తల ఊపాడు.

మేస్త్రి కుంచె దించాడు. బయటికి వచ్చి చూసుకోలేదు.